"వాళ్లంతా ఇంతే" – ఆ లెక్క ఎవరు రాశారు?

అందరికీ నమస్కారం. వెనకవాళ్లకు వినపడుతోందా? ఆ ఫ్యాన్ కాస్త తగ్గించండి బాబూ, కాగితాలు ఎగిరిపోతున్నాయి.

నాకిచ్చిన అంశం "కులాల మీద, మతాల మీద, ప్రాంతాల మీద మనకుండే స్టీరియోటైపులు ఎంతవరకు నిజం" అని. స్టీరియోటైపు అంటే ఒక గుంపు మొత్తం మీద మనం వేసే ముద్ర. ముందే చెప్పేస్తున్నాను, నేను సోషియాలజీ మనిషిని కాను, స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ని, కాబట్టి "మనుషులంతా ఒక్కటే, ఎవరినీ ఏమీ అనుకోకూడదు" అనే ఉపన్యాసం నా దగ్గర దొరకదు. ఎవరైనా "ఫలానావాళ్లంతా ఇంతే" అన్నప్పుడు నాకు వచ్చే ప్రశ్నలు రెండే. దేంతో పోల్చి చూశావు? ఆ పోల్చిన లెక్క ఎవరు రాశారు? మొదటిది అప్పుడప్పుడూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. రెండోది మాత్రం ఎవరూ అడగరు. ఇవాళ నా గొడవంతా ఆ రెండోదాని గురించే.

గోదారివాళ్లకు వెటకారం, సీమవాళ్లకు పౌరుషం, శ్రీకాకుళం వాళ్లు అమాయకులు, హైదరాబాదు వాళ్లకు తొందరే ఉండదు, ఇలాంటివి పెళ్లి భోజనాల దగ్గర మనం ఎన్ని అనుకోమూ? వీటి జోలికి నేను వెళ్లను. వెటకారాన్ని ఏ కాటాలో పెట్టి తూస్తాం? తూచలేనిదాన్ని నిజమనీ అనలేం, అబద్ధమనీ అనలేం, నవ్వుకుని ఊరుకోవడమే. తూకానికి వచ్చేవి చూద్దాం.

తిండితో మొదలుపెడదాం. 2014లో జనాభా లెక్కలు తీసే రిజిస్ట్రార్ జనరల్ ఆఫీసు వాళ్లు ఎస్‌ఆర్‌ఎస్ బేస్‌లైన్ సర్వే అని ఒకటి చేశారు, అందులో 15 ఏళ్లు దాటినవాళ్లలో మాంసాహారం తినేవాళ్లు ఎందరు అని రాష్ట్రాలవారీగా లెక్క తీశారు. తెలంగాణలో దాదాపు 99 శాతం. ఆంధ్రలో 98. కేరళ, తమిళనాడు కూడా 97 దగ్గర. ఇప్పుడు పైకి వెళ్లండి, రాజస్థాన్‌లో 25, హర్యానాలో 31, పంజాబ్‌లో 33, గుజరాత్‌లో 39. పంజాబ్ లెక్క విన్నారా? బటర్ చికెన్ అనగానే దేశమంతటికీ గుర్తొచ్చే రాష్ట్రంలో ముగ్గురిలో ఇద్దరు ముట్టరు. ఇడ్లీ సాంబారు అనగానే గుర్తొచ్చే మనం మాత్రం వందకు ఒకరో ఇద్దరో తప్ప అందరం తింటాం.

ఒకసారి ఢిల్లీలో ట్రైనింగుకు వెళ్లాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర అక్కడి ఆఫీసరు, పాపం చాలా మంచాయన, నన్ను చెయ్యి పట్టుకుని ఒక మూలకు తీసుకెళ్లి, నాకోసమే తెప్పించిన ఇడ్లీలు చూపించాడు, మీరు సౌత్ వాళ్లు కదా అని. పక్కనే చికెన్ ట్రే ఆవిర్లు కక్కుతోంది. నా చూపు దానిమీద పడటం ఆయన గమనించాడు, గమనించి, పాపం ఈయనకు వాసన పడటం లేదనుకుని దానిమీద మూత పెట్టించాడు. (నవ్వులు) అంత మర్యాద చేసినాయనతో ఏమంటాం? ఇడ్లీలే తిన్నాను.

నవ్వుకున్నాం కదా, ఇప్పుడు లెక్క చూడండి. "సౌత్ వాళ్లు శాకాహారులు" అన్నది శుద్ధ తప్పు. "తెలంగాణ వాళ్లు మాంసం తింటారు" అన్నది ఒప్పు, ఎంత ఒప్పంటే ఎదుటి మనిషిని అడగకుండానే వడ్డించినా వందలో ఒకసారి పొరబడతారేమో. "గుజరాతీలు శాకాహారులు" అన్నది కూడా ఒప్పే, ఎక్కువమంది శాకాహారులే. కానీ అదే నమ్మకంతో గుజరాతీ ప్రతి ఒక్కరికీ అడగకుండా పప్పే వడ్డిస్తే వందలో 39 సార్లు తప్పుతారు. రెండూ నిజమైన ముద్రలే, మనం నోటితో అనేటప్పుడు రెండింటికీ "అంతా" అన్న ఒకే మాట వాడేస్తాం. ఒకచోట ఆ మాట తొంభై తొమ్మిది, ఇంకోచోట అరవై ఒకటి. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుందని మనవాళ్లంటారు, నిజమే, ఎందుకంటే ఆ గిన్నెలో మెతుకులన్నీ ఒకే నీళ్లలో ఒకే మంట మీద ఉడికాయి. మనుషులు అలా ఉడకరు కదండీ.

ఈ విషయం మీద పరిశోధనలు ఏమంటున్నాయో టూకీగా చెప్తాను. 1933లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో కాట్జ్, బ్రేలీ అని ఇద్దరు వంద మంది విద్యార్థులకు 84 గుణాల జాబితా ఇచ్చి, పది జాతుల పేర్లు చెప్పి, ఎవరికి ఏ గుణాలు సరిపోతాయో రాయమన్నారు. కుర్రాళ్లు తడుముకోకుండా రాసేశారు. టర్కీవాళ్లు క్రూరులని కూడా రాశారు, జన్మలో ఒక టర్కీవాణ్ని దగ్గర్నుంచి చూసినవాళ్లు ఆ క్లాసులో ఎందరుంటారు చెప్పండి. అలాంటివి చూసి చూసి సైకాలజీవాళ్లు చాలాకాలం పాటు, స్టీరియోటైపు అంటేనే తప్పుడు అభిప్రాయం అని ఖాయం చేసుకుని కూర్చున్నారు. కొలవకుండానే.

దీనిమీద తిరగబడినాయన లీ జుస్సిమ్, రట్గర్స్ యూనివర్సిటీ సైకాలజిస్టు. తప్పని మీరెలా అంటున్నారు, కొలిచి చూపించండి అన్నాడు. జనం అనుకునేదాన్నీ జనాభా లెక్కల్లాంటివాటినీ పక్కపక్కన పెట్టి చూసిన అధ్యయనాలన్నీ పోగేశాడు. వయసు గురించి, ఆడా మగా తేడాల గురించి, అమెరికాలో జాతుల మధ్య చదువు, ఆదాయం తేడాల గురించి జనం అంచనాలు వాస్తవానికి చాలాసార్లు దగ్గరగానే ఉన్నాయని తేల్చాడు, సహసంబంధం 0.5 దాటినవే ఎక్కువ. సహసంబంధం అంటే రెండు లెక్కలు ఎంత కలిసి నడుస్తాయో చెప్పే కొలత, సున్నా అయితే పొంతన లేనట్టు, ఒకటి అయితే పూర్తిగా కలిసినట్టు. సైకాలజీలో మామూలుగా దొరికే ఫలితాలు 0.2 దగ్గర ఆగిపోతాయి కాబట్టి ఇది చిన్న సంగతి కాదు. ఆయన మాట చాలామందికి నచ్చలేదు. నచ్చకపోవడం వేరు, లెక్క తప్పడం వేరు. నా మటుకు నాకు ఆయన సగం ఒప్పే అనిపిస్తుంది. మనం గుడ్డివాళ్లం కాదు కదా, రోజూ చూసేదాంట్లోంచి ఎంతోకొంత నేర్చుకుంటాం.

మిగతా సగం? జాతీయ స్వభావాల విషయంలో ఈ లెక్క పూర్తిగా బోర్లా పడింది. 2005లో సైన్స్ పత్రికలో 49 సంస్కృతుల మీద ఒక అధ్యయనం వచ్చింది. మా దేశంవాడు ఇలా ఉంటాడు అని జనం చెప్పిన గుణాలకూ, ఆ దేశంలో మనుషులను విడివిడిగా కొలిస్తే వచ్చిన సగటుకూ పొంతనే లేదు. అదీ పరాయివాళ్ల గురించి కాదండోయ్, ఎవరి దేశం గురించి వాళ్లే చెప్పుకున్నది! మనవాళ్లు ఎలాంటివాళ్లో మనకే సరిగ్గా తెలియదన్నమాట.

ఇంకోటి, ఇది నాకు బాగా ఇష్టమైంది. 1930లలో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో ఆర్మేనియన్లు బాగా స్థిరపడి ఉన్నారు, అక్కడివాళ్లకు వాళ్లంటే పడదు. దగాకోరులు, అప్పు ఎగ్గొడతారు, ఊరిమీద పడి తింటారు, కోర్టు కేసులన్నీ వాళ్లవే, ఇవీ ఊళ్లో మాటలు. లాపియేర్ అనే ప్రొఫెసరు వెళ్లి ఏం చేశాడంటే, జనాన్ని అడగడం మానేసి నేరుగా కాగితాలు తిరగేశాడు. వ్యాపారుల సంఘం దగ్గర అప్పుల రికార్డు చూస్తే ఆర్మేనియన్లు మిగతావాళ్లలాగే తీరుస్తున్నారు. ధర్మసహాయం అడిగినవాళ్లలో వాళ్లు తక్కువ. కోర్టు కేసుల్లో వాళ్ల జనాభా వాటా కంటే తక్కువ. ఇక్కడ గమనించాల్సింది, ఆ అప్పుల పుస్తకం రాసిన వ్యాపారికి ఆర్మేనియన్ల మీద ప్రేమా లేదు, కోపమూ లేదు, తన డబ్బు తనకు వచ్చిందా లేదా అన్నదే ఆయన గోల. ముద్రతో సంబంధం లేని చెయ్యి రాసిన లెక్క అది. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

ఇప్పుడు మన దేశంలో అందరి నోటా ఉండేది ఒకటి తీసుకుంటాను. జాగ్రత్తగా వినండి, సగం విని బయట ఇంకోలా చెప్పకండి. "ముస్లింలకు పిల్లలెక్కువ." జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992-93లో ఒక ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలు, హిందూ స్త్రీకి 3.3. 2019-21 నాటికి 2.36, 1.94. అంటే తేడా ఉందన్నది నిజం, ఇప్పటికీ ఉంది, కాదనేవాళ్లు లెక్క చూడనివాళ్లు. కానీ ఆ తేడా ఎంత? అప్పుడు ఒకటికి కాస్త పైన, ఇప్పుడు సగం కూడా లేదు. వాట్సాప్‌లో తిరిగే నలుగురు పెళ్లాలు, డజను పిల్లలు ఎక్కడ? కేరళ ముస్లిం స్త్రీకి సగటున 2.25, బీహార్ హిందూ స్త్రీకి 2.88. ఇప్పుడు చెప్పండి, ఇక్కడ పనిచేస్తోంది మతమా, లేక ఆడపిల్ల ఎంతవరకు చదివింది, పక్కన ఆస్పత్రి ఉందా లేదా అన్నదా? పెళ్లాల సంగతి కూడా అదే సర్వేలో ఉంది. నా భర్తకు ఇంకో భార్య ఉంది అని చెప్పిన స్త్రీలు ముస్లింలలో 1.9 శాతం, హిందువులలో 1.3. మన తెలంగాణలో మతంతో పని లేకుండా మొత్తం తీసుకుంటే 2.9. (సభలో గుసగుసలు) ఆశ్చర్యపోతున్నారు కదా, మన గురించి ఎవరూ వాట్సాప్ మెసేజీలు పెట్టరు మరి.

దిక్కు సరైనదే, కొలత తప్పు, కారణం ఇంకా తప్పు. ముద్రల్లో చాలావాటి సంగతి ఇంతే. ఉన్న చిన్న తేడాను పట్టుకుని కొండంత చేయడం. అమెరికాలో కూడా 2018లో ఒక అధ్యయనం వచ్చింది, రిపబ్లికన్ పార్టీవాళ్లలో ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు దాటి సంపాదించేవాళ్లు 38 శాతం ఉంటారని జనం అంచనా వేశారు, ఉన్నది 2 శాతం. డబ్బున్నవాళ్ల పార్టీ అన్న ముద్ర చేసిన పని.

ఇక్కడిదాకా మొదటి ప్రశ్న. ఇంతవరకు నేను చూపించిన లెక్కలన్నీ ఇంటింటికీ తిరిగి అడిగినవో, సంబంధం లేనివాళ్లు రాసుకున్నవో. ఇప్పుడు అసలు చిక్కు. ముద్ర వేసినవాడే లెక్క కూడా రాస్తే?

మన మీదే జరిగింది చెప్తాను. 1750లలో ఈస్టిండియా కంపెనీ క్లైవ్ మద్రాసు నుంచి బెంగాల్ వెళ్లినప్పుడు అతని వెంట వెళ్లిన సిపాయిల్లో తెలుగువాళ్లు ఉన్నారు. ఉత్తరాదిలో సిపాయి అంటేనే తిలంగా అనే అలవాటు అప్పుడు పడింది. ఎంతగా పడిందంటే 1857లో ఢిల్లీలోకి దూసుకొచ్చిన అవధ్ సిపాయిలను కూడా ఢిల్లీ జనం తిలంగాలనే పిలిచారు. అంటే తెలుగువాడంటే తుపాకీ పట్టేవాడు అని ముద్ర. ఆ తర్వాత పాతికేళ్లకు, 1881లో, రాబర్ట్స్ అనే జనరల్ మద్రాసు సైన్యానికి అధిపతిగా వచ్చాడు. ఈ దక్షిణాదివాళ్లు శాంతికి, సుఖానికి అలవాటుపడి మెత్తబడిపోయారు, పౌరుషం చచ్చిపోయింది, వీళ్లను ఉత్తరాది యుద్ధాలకు పంపలేం అని తేల్చేశాడు, తన జ్ఞాపకాల్లో కూడా రాసుకున్నాడు. తర్వాత మొత్తం భారత సైన్యానికే అధిపతి అయ్యాడు. వీరజాతులు, వీరజాతులు కానివాళ్లు అనే పట్టింపు సైన్యంలో గట్టిపడింది, సిక్కులు, గూర్ఖాలు, పఠాన్లు పైకి, మద్రాసు రెజిమెంట్లు ఒక్కొక్కటిగా రద్దు, తెలుగువాళ్ల భర్తీ దాదాపు ఆగిపోవడం. ఇప్పుడు 1920లలో ఒక స్టాటిస్టిక్స్ కుర్రాడు వచ్చి సైన్యం రికార్డులు తిరగేశాడనుకోండి. తెలుగు సైనికులు దాదాపు కనపడరు. చూశారా, రాబర్ట్స్ దొర చెప్పింది అక్షరాలా నిజం, సహసంబంధం అద్భుతంగా ఉంది అంటాడు! తీసుకోకపోతే ఎక్కడి నుంచి వస్తారయ్యా? రెండో ప్రపంచ యుద్ధం వచ్చి మనుషులు కావలసి వచ్చేసరికి మద్రాస్ రెజిమెంటును మళ్లీ నిలబెట్టారు, అప్పుడు పౌరుషం ఎక్కడి నుంచి ఊడిపడిందో వాళ్లకే తెలియాలి. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది, మొదటి ప్రపంచ యుద్ధం నుంచి ఇంటికొకరు చొప్పున పట్టాలంకు వెళ్లి మిలటరీ మాధవరం అనిపించుకున్న ఊరు. ఆ ఊరి మట్టిలో ఏదో ఉందని కొందరంటారు. మట్టిలో ఏమీ లేదు, మేనమామ వెళ్లాడు కాబట్టి మేనల్లుడికి దారి తెలిసింది.

సైన్యం సంగతి నవ్వుకుని వదిలేయొచ్చు. అదే కాలంలో అదే బుర్రలోంచి పుట్టిన ఇంకో ముద్ర ఉంది, దానికి నవ్వు రాదు.

చీరాలకూ బాపట్లకూ మధ్య రైల్లో వెళ్తుంటే స్టూవర్టుపురం అని స్టేషన్ వస్తుంది. ఆ పేరు విన్నప్పుడు మీ మనసులో ఏ మాట మెదిలిందో నాకు తెలుసు, చెప్పనక్కర్లేదు. అక్కడున్నది ఎరుకలవాళ్లు. వీళ్ల తాతముత్తాతలు కోస్తా నుంచి ఉప్పు, పైనుంచి ధాన్యం ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్మిన వర్తకులు. రైలు వచ్చింది, ఉప్పు మీద సర్కారు పట్టు బిగించింది, కరువులు వచ్చాయి, వర్తకం పోయింది. వర్తకం పోయిన తర్వాత కూడా తిరుగుతూనే ఉన్న జనం పోలీసులకు అనుమానాస్పదులుగా కనపడ్డారు. 1871లో ఉత్తరాదిలో మొదలైన నేరస్థ తెగల చట్టం 1911లో కొత్త రూపంలో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది, 1910ల మొదట్లోనే సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ చేతికి అప్పగించి, ఈ తెగవాళ్లను కాపలాలో ఉంచే ఈ సెటిల్‌మెంటు పెట్టారు, హెరాల్డ్ స్టూవర్ట్ అనే దొర పేరు మీద. చీరాల పొగాకు కంపెనీకి కూలీలు కూడా అక్కడి నుంచే.

ఆ చట్టం కింద బతుకు ఎలా ఉండేదో ఒక్క మనిషిని ఊహించుకుని చూడండి. పుట్టుకతోనే నేరస్థుడు. వేలిముద్రలు తీసుకుంటారు, రిజిస్టర్‌లో పేరు. రోజూ హాజరు పలకాలి. ఊరు దాటాలంటే పాసు. ఇప్పుడు అతను చెల్లెలికి జబ్బు చేసిందని పక్క ఊరు వెళ్లి ఆ రాత్రికి రాలేకపోయాడు. హాజరుకు రాకపోవడం నేరం. పాసు లేకుండా పోవడం నేరం. దొరికితే కేసు, కేసు తేలితే శిక్ష. ఏడాది చివర దొరగారు లెక్క చూసుకుంటారు, ఎరుకలవాళ్లలో ఇంతమంది శిక్షపడ్డవాళ్లు, ఇంకే కులంలోనూ ఇంతమంది లేరు. ఉండరు మరి, ఇంకే కులంవాడూ చెల్లెల్ని చూడ్డానికి వెళ్తే జైలుకు పోడు కదా!

హాజరు కేసులు తీసేసి, అసలు దొంగతనాలే లెక్కేద్దాం. రెండు ఊళ్లు అనుకోండి, ఒక్కోదాంట్లో వందమంది, రెండింట్లోనూ అయిదుగురేసి దొంగలు. సరిసమానం. పోలీసులు మొదటి ఊరికి రోజూ రాత్రి వెళ్తారు, రెండో ఊరికి సంక్రాంతికోసారి వెళ్తారు. మొదటి ఊళ్లో నలుగురు దొరికారు, రెండో ఊళ్లో ఒకడు. స్టేషన్ రికార్డులో మొదటి ఊరు నాలుగింతల దొంగల ఊరు. మరుసటి ఏడు ఇన్‌స్పెక్టర్ గస్తీ ఎక్కడ పెంచుతాడు? రికార్డు చూసి మొదటి ఊళ్లోనే. దొరికేవాళ్లు ఇంకా పెరుగుతారు. ఇలా పదేళ్లు నడిస్తే, ఎవరూ అబద్ధం రాయకుండానే, ప్రతి ఎంట్రీ నిజమైనదే అయినా, మొత్తం లెక్క అబద్ధమవుతుంది. ఇది నేను క్లాసులో చెప్తే పిల్లలు పేపర్లో తప్పుందేమో అని వెతికేవాళ్లు.

స్టూవర్టుపురంలో దొంగలు లేరని నేననడం లేదు. ఉన్నారు, పేరు మోసినవాళ్లు ఉన్నారు. తరాల తరబడి వేరే పని దొరకనివ్వకుండా, బయట ఎవరూ నమ్మకుండా చేశాక ఎంతోకొంతమంది అటు పోకుండా ఎలా ఉంటారు? 1970లలో సంఘసంస్కర్తలు లవణం, హేమలత లవణం గార్లు ఆ ఊళ్లో పనిచేసి ఎందరినో ఆ వృత్తి నుంచి బయటకు తెచ్చారు. పుట్టుకలో ఉన్నదైతే ఎలా వదిలింది? మన తిరుపతి ప్రాంతంవాడే అయిన అనంతశయనం అయ్యంగారి అధ్యక్షతన వేసిన కమిటీ చట్టం ఎత్తేయమని చెప్పింది, 1952 ఆగస్టు 31న దేశమంతటా ఎత్తేశారు. ఎత్తేసి దాని బదులు అలవాటైన నేరస్థుల చట్టాలు తెచ్చారు, రిజిస్టర్ అట్ట మార్చినట్టు. చాలా రాష్ట్రాల జైలు మాన్యువళ్లలో పాత చట్టం వాసన ఎంత మిగిలిపోయిందంటే 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని జైళ్లలో కులాన్ని బట్టి పనులివ్వడం చెల్లదని కొట్టేయాల్సి వచ్చింది. డెబ్బై ఏళ్ల తర్వాత.

కాబట్టి రేపు ఎవరైనా "నేర రికార్డులే చెప్తున్నాయి" అంటూ పేపరు కటింగ్ చూపిస్తే, ఆ రికార్డు ఫ్రెస్నో వ్యాపారి అప్పుల పుస్తకం లాంటిదా, స్టూవర్టుపురం హాజరు పుస్తకం లాంటిదా అని అడగండి. జుస్సిమ్ గారి పోలికల్లో నాకు మిగిలే అనుమానం కూడా ఇక్కడే. జనం అంచనా రికార్డుకు సరిపోయిందన్నాడు, బాగానే ఉంది, కానీ ఆదాయం, చదువు లాంటి లెక్కల్లో కూడా పాత ముద్రలు చేసిన పని కలిసి ఉంటుంది. నిన్న ఉద్యోగం ఇవ్వలేదు కాబట్టి ఇవాళ ఆదాయం తక్కువ. ఆదాయం తక్కువన్న అంచనా కచ్చితమే, పనికిరానివాళ్లు కాబట్టి తక్కువ అని మనం దాని వెనక అతికించే కారణమే కచ్చితం కాదు.

ప్రశ్నలుంటే అడగండి. అమ్మా, మీరు.

(శ్రోత: మాస్టారూ, మాకు హైదరాబాద్‌లో రెండు ఫ్లాట్లు ఉన్నాయి, అద్దెకిస్తాం. బ్యాచిలర్లకిస్తే ఇల్లు పాడుచేస్తారు, ఇది ఎవరో చెప్తే విన్నది కాదు, మేం అనుభవించింది. మరి ఇదీ ముద్రేనా?)

మంచి ప్రశ్న. మీ అనుభవం నేను కాదనను, సగటున నిజమే అయ్యుండొచ్చు కూడా. కానీ అమ్మా, మీకు బ్యాచిలర్లలో ఎంతమంది ఇల్లు శుభ్రంగా ఉంచుకుని వెళ్లారో గుర్తుందా, లేక పాడుచేసిన ఆ ఒక్కడే గుర్తున్నాడా? పైగా సగటు ఎప్పుడు అక్కరకొస్తుంది, ఎదుటి మనిషి గురించి ఇంకేమీ తెలియనప్పుడు. మీకు తెలుసుకునే దారి ఉంది. జీతం స్లిప్ అడగొచ్చు, ఇంతకుముందు ఎక్కడున్నాడో ఆ ఓనరుకు ఫోన్ చేయొచ్చు. ఆ ఒక్క ఫోను వందమంది బ్యాచిలర్ల సగటు కంటే ఎక్కువ చెప్తుంది. మొన్న ఎవరో అన్నారు, సీమ కుర్రాళ్లకు మేం అసలు ఇవ్వం, గొడవలు అని. ఇవ్వనప్పుడు గొడవ చేస్తారో లేదో ఎప్పటికి తెలుస్తుంది? రాబర్ట్స్ దొరకు తెలిసినట్టే తెలుస్తుంది. మీరెప్పుడైనా పాత ఓనరుకు ఫోన్ చేశారా?

(శ్రోత: లేదండీ, అంత దూరం ఎవరు అడుగుతారు.)

మరి ఏమడుగుతారు?

(శ్రోత: ఇంటిపేరేంటి, ఏ ఊరు, మీరేంట్లు అని... నవ్వులు)